తల తిప్పకూడని మూడు గంటలు

పరీక్షకు ఇంకా పావుగంట ఉంది. ఆవిడ గోడ మీది క్యాలెండరు కూడా తీసేసింది.

విదేశీ యూనివర్సిటీ నియమాలు అలాంటివి. గదిలో బల్ల, కుర్చీ, ల్యాప్‌టాప్ తప్ప ఏమీ ఉండకూడదు. తలుపు గడియ పెట్టి ఉండాలి. కెమెరా ముందు నుంచి లేచినా, మాటిమాటికీ తల తిప్పినా, గదిలోకి ఇంకో మనిషి వచ్చినా పరీక్ష రద్దు. ఫోను ఆపేసి వంటింట్లో పెట్టి వచ్చింది.

బట్టల ఫ్యాక్టరీలో కుట్టు విభాగానికి ఆవిడ సూపర్‌వైజరు. పదకొండేళ్లలో ముగ్గురు మేనేజర్లకు పని నేర్పింది. వచ్చినప్పుడు ముగ్గురికీ సూదికీ దబ్బనానికీ తేడా తెలియదు. కానీ వాళ్లకు డిగ్రీ ఉంది. ఈవిడకు ఉన్నది రెండేళ్ల డిప్లొమా. అందుకే వెనకాల ‘డిప్లొమా మేడమ్’ అని నవ్వుకుంటారు.

మూడో మేనేజరు వచ్చే నెల మానేస్తున్నాడు. “డిగ్రీ కాగితం తెచ్చుకో, ఆ కుర్చీ నీదే. లేకపోతే ఇంకో కుర్రాడొస్తాడు, వాడికీ నువ్వే నేర్పాలి,” అన్నాడు యజమాని.

డిప్లొమా మీద ఇంకొక్క ఏడాది చదివితే బిజినెస్ మేనేజ్‌మెంట్ డిగ్రీ ఇస్తామని ఆ యూనివర్సిటీ వాళ్లు అంటే నిరుడే చేరింది. మిగతా పేపర్లన్నీ గట్టెక్కాయి. అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని అన్నట్టు ఈ ఒక్క పేపరే మిగిలింది.

మొదటిసారి తప్పింది. రెండోసారి బ్రహ్మాండంగా రాస్తుండగా గడియ సరిగ్గా పడని తలుపు తోసుకుని మొగుడు టీ పట్టుకొచ్చాడు. ప్రేమగానే తెచ్చాడు పాపం. టీ గ్లాసూ, దాని వెనక ఆయన చిరునవ్వూ కెమెరాలో పడ్డాయి. పరీక్ష రద్దయింది. ఇది మూడోసారి. నాలుగోసారి రాయనివ్వరు.

ఆయన పాల వ్యాను డ్రైవరు. తెల్లవారకముందే వెళ్లి పదకొండింటికి ఇల్లు చేరతాడు. ఇవాళ వస్తూనే మొహం అదోలా పెట్టాడు.

“బయట తిన్నది పడినట్టు లేదు. కాసేపు నడుం వాలుస్తా.”

“మాత్ర వేసుకోండి. ఏవండీ, ఈసారి మాత్రం...”

“ఇల్లంటుకున్నా నీ తలుపు తట్టను మేనేజరమ్మా. ఒట్టు!”

“మీరు తట్టకపోతేనేం, ఆ వడ్రంగి వాళ్లున్నారుగా!”

ఆయన నవ్వి పక్కనే ఉన్న తన గదిలోకి వెళ్లాడు. ఆ గదికి అవతల పక్కవాటా. అక్కడ పది రోజులుగా అలమరలు బిగిస్తున్నారు. పొద్దున్నించీ చప్పుడు లేదు. ఏ మేకులు కొనడానికో పోయి ఉంటారు, సరిగ్గా పన్నెండు దాటాక దిగుతారు, మన ఖర్మ అనుకుంటూ ఆవిడ గడియ పెట్టుకుంది.

అనుకున్నంతా అయింది. రెండో ప్రశ్న సగంలో ఉండగా మొదలుపెట్టారు. ఠక్. ఠక్ ఠక్.

పళ్లు కొరికింది. మేస్త్రీని మనసులోనే నాలుగు తిట్లు తిట్టి మళ్లీ రాతలో పడింది.

కెమెరా అవతల ఎక్కడో కూర్చుని కాపలా కాసే ఆయనకు ‘దొరగారు’ అని పేరు పెట్టుకుంది. దొరగారి సందేశం తెర మీద వచ్చింది. “ఏదో చప్పుడు వినిపిస్తోంది. ఎవరైనా మీకు జవాబులు సైగ చేస్తున్నారా?”

ఆవిడ వెంటనే “లేదు సార్, పక్కవాటాలో వడ్రంగి పని,” అని టైపు చేసింది.

ల్యాప్‌టాప్ ఎత్తి గది నాలుగు మూలలూ చూపించమన్నాడు. బల్ల కింద కూడా చూపించమన్నాడు. చూపించింది. సరే రాయండి అన్నాడు. చప్పుడు ఇలాగే ఉంటే ఆపేయాల్సి వస్తుందని కూడా అన్నాడు.

ఠక్ ఠక్ ఠక్. ఈసారి గబగబా.

ఏడుపొచ్చింది. అయినా తల తిప్పలేదు. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. ఆవిడ అంతకు మించిన మొండితనంతో కూర్చుంది. రాబోయే ప్రమాదాన్ని సంస్థ ముందే ఎలా పసిగట్టాలి అన్నది ప్రశ్న. నాలుగు సూత్రాలు రాసి, ఫ్యాక్టరీలో జరిగినవి రెండు ఉదాహరణలిచ్చింది.

చప్పుడు నెమ్మదించింది. ఒకటి వినిపించింది. చాలాసేపటికి ఇంకొకటి. ఆ తర్వాత ఆగిపోయింది.

హమ్మయ్య, పీడ విరగడైంది అనుకుంది. మిగతా ప్రశ్నలు కలం పరుగెత్తినట్టు సాగాయి.

మూడింటికి పేపరు పంపింది. అందిందన్నాడు దొరగారు. పాసవుతానని ఆవిడకు తెలిసిపోయింది. పదకొండేళ్ల తర్వాత మొదటిసారి ఒళ్లు తేలికైంది.

గడియ తీసి ఆయన గదిలోకి తొంగి చూసింది. గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. స్టీలు గ్లాసు కింద దొర్లి ఉంటే తీసి బల్ల మీద పెట్టింది. లేపి చెబుదామని నోటిదాకా వచ్చింది. పాపం, అన్నమాట నిలబెట్టుకున్నాడు, పడుకోనీ, లేచాక నేనే టీ పెట్టిస్తా అనుకుని తలుపు దగ్గరగా వేసింది.

ముందు ఆ వడ్రంగి పని పట్టాలి. వీధిలోకి వచ్చేసరికి పక్కవాటా మెట్ల దగ్గర పనిముట్ల సంచితో మేస్త్రీ కనిపించాడు.

“ఏమయ్యా, నీకు వేరే టైమే దొరకలేదా? సరిగ్గా నా పరీక్షప్పుడే గోడ బద్దలుకొట్టాలా? నీ చప్పుడుతో నా బతుకు బుగ్గయిపోయేది!”

మేస్త్రీ తెల్లబోయాడు.

“నేనెక్కడ కొట్టానమ్మా, మూడింటిదాకా సుత్తి ముట్టుకోవద్దని మీ ఆయన నిన్న సాయంత్రం వచ్చి నా చేతులు పట్టుకుని బతిమాలితే, ఇవాళ పనిలోకి ఇప్పుడేగా వస్తున్నా!”