వెండి పిడి కత్తి

"దొర చెయ్యి కలుపుతాడు చూడు, అప్పుడే అడుగు. కుర్చీలో కూలబడ్డాక వాళ్ల చెవులు పనిచెయ్యవు," అంది మ సెయిన్, మొగుడి తలకట్టు బిగిస్తూ.

"ఆఁ," అన్నాడు కో లూన్.

"ఏమని అడుగుతావు?"

"తా డున్‌ని ఉరి తియ్యొద్దని."

"మా ఆవిడకి ఒక్కగానొక్క తమ్ముడు అని కూడా చెప్పు. లేకపోతే సగం మాట మింగేస్తావు."

ఇవాళ సోమవారం. ఉరి శుక్రవారం.

కో లూన్ మంచివాడే. పని చెబితే చేస్తాడు, అన్నం పెడితే తింటాడు. ఐరావతి నది పాయల్లో అతణ్ణి మించిన ఈతగాడు లేడు. నీళ్లలో ఉన్న చురుకులో పావువంతు గట్టు మీద ఉంటే ఈపాటికి ఏదో ఒకటి అయ్యుండేవాడని పదేళ్లుగా మ సెయిన్ సాధిస్తూనే ఉంది. ఇవాళ అవుతున్నాడు.

మూడు నెలల కిందట ఈ తెల్లదొర మొదటిసారి ఊరొచ్చాడు. సర్కారు బాండ్లు ఉన్నవాళ్లు పాతవి ఇచ్చేసి కొత్తవి తీసుకోవాలని చెప్పడానికి వచ్చాడు. పాతవాటి మీద నూటికి ఆరు వడ్డీ. కొత్తవాటి మీద నాలుగే. తా డున్ పడవలు కట్టేవాడు. బాటసారులకు సత్రం కట్టించాలని వాళ్ల నాన్న దాచిన డబ్బంతా ఆ బాండ్లలోనే ఉంది. వాడు జనం మధ్యలోంచి లేచి, "ఆరన్న నోటితోనే నాలుగంటావా? నీ పడవ మునగ!" అని అరిచాడు.

మర్నాడు పొద్దున దొర పడవ రేవు దాటి నది మధ్యకు వెళ్లి నిజంగానే మునిగింది. గుమాస్తా చచ్చిపోయాడు. పడవ నడిపే ముసలాయన కూడా పోయాడు. ఎండురొయ్యలు తెమ్మని పెళ్లాం తోలితే అప్పుడే రేవుకొచ్చిన కో లూన్ నీళ్లలో దూకి, దొరను జుట్టు పట్టుకుని ఒడ్డుకు ఈడ్చాడు.

పడవను పైకి లాగితే అడుగున వేలు పట్టేంత చిల్లు కనిపించింది. దాని చుట్టూ మైనం అంటుకుని ఉంది, నది మధ్యకు వెళ్లాక ఊడేలా ఎవరో పెట్టిన బిరడా తాలూకు. ముందురోజు ఆ పడవకు తారు పూసింది తా డున్ కొట్టంలోనే. నోరా వీపుకు తేకే అంటారు. తా డున్ నోరు ఏకంగా మెడకే తెచ్చింది.

వాడు ఏ పాపమూ ఎరగడని మ సెయిన్‌కు తెలిసినంత గట్టిగా ఊళ్లో ఇంకెవరికీ తెలియదు. జైలుకు వెళ్లి చూసినప్పుడు, "ఏడవకక్కా. దొర బతికాడంటే బావ పుణ్యమేగా! బావ ఒక్క మాట అడిగితే కాదంటాడా?" అని నవ్వాడు. ఆ నవ్వు చూసొచ్చిన దగ్గర్నుంచి ఆమెకు ముద్ద దిగడం లేదు.

సన్మానానికి వేసిన పందిట్లో కొత్త గుమాస్తా సర్కారు గెజెట్ చదివాడు. ప్రాణాలకు తెగించి దొరను కాపాడినందుకు కో లూన్‌కు వెండి పిడి కత్తి. ఏడాదిగా ఖాళీగా ఉన్న ఊరి పెద్ద పదవి కూడా అతనికే. బాండ్లు మార్చుకోవడానికి ఆఖరి గడువు ఈ నెల ముప్పై. మూడింటినీ ఒకే గొంతుతో, ఆవులింత ఆపుకుంటూ చదివేశాడు.

పక్కింటి దో మ్యా మోచేత్తో పొడిచింది. "ఇంక నిన్ను పేరు పెట్టి పిలవకూడదే తల్లీ! పెద్దగారి భార్యవి. మొన్నటిదాకా మా ఇంటికి ఉప్పు బదులు కోసం వచ్చేదానివి."

పెద్దగారి భార్య. ఆ మాట వినాలని మ సెయిన్ ఎన్నేళ్లు మొక్కుకుందో దేవుడికే తెలుసు. ఇప్పుడది చెవిన పడలేదు. ఆమె చూపంతా మొగుడి పెదవుల మీదే ఉంది. దొర చెయ్యి కలిపాడు. పెదవులు కదిలాయి. దొర ఏదో అన్నాడు. కో లూన్ తల వంచుకుని కత్తి పట్టుకుని వచ్చేశాడు.

ఇంట్లో అడుగు పెట్టగానే ఆమె విరుచుకుపడింది.

"అడిగావా, లేదా?"

కో లూన్ చుట్ట కోసం తడుముకుంటున్నాడు.

"నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నావా? ఒక్క మాటతో ఒక ప్రాణం నిలబడుతుందని తెలిసి కూడా నోరు విప్పనివాడు మనిషేనా? థూ!"

"అడిగానే," అన్నాడు కో లూన్. "నువ్వు చెప్పినట్టే అడిగాను. ఒక్కగానొక్క తమ్ముడని కూడా చెప్పాను."

"ఏమన్నాడు?"

"నా కోసం ఏదైనా చేస్తాడట. కానీ చిల్లు పెట్టింది తా డున్ కాకపోతే, పెట్టినవాళ్లు వచ్చి ఒప్పుకోవాలట. ఒప్పుకున్న మరుక్షణం రంగూన్‌కు టెలిగ్రాం కొట్టి ఉరి ఆపిస్తానన్నాడు. రేపు పొద్దున్న స్టీమరెక్కేదాకా బంగళాలోనే ఉంటాడట."

మ సెయిన్ కిటికీ దగ్గరకు వెళ్లింది. బంగళా అక్కడికి కనిపిస్తూనే ఉంది. నడిస్తే చుట్ట కాలినంతసేపు కూడా పట్టదు.

"ఎవడొస్తాడే?" అన్నాడు కో లూన్. "ఇంకొకడి మెడ కోసం తన మెడ ఎవడిస్తాడు? వాణ్ణి మనం పోగొట్టుకున్నట్టే."

వాకిట్లో అప్పుడే పదిమంది చేరారు. "పెద్దగారూ! పెద్దగారూ!" అని పిలుస్తున్నారు. ఎవరో అరటి గెల కూడా తెచ్చారు.

మ సెయిన్ బంగళా వైపు చాలాసేపు చూసింది. కళ్ల నీళ్లు కారి మెడ మీదికి జారాయి. తుడుచుకోలేదు. కో లూన్‌కు కూడా ఏడుపొచ్చింది. ఆమె పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"నేను పొద్దుటి నుంచీ ఏమీ తినలేదే," అన్నాడు తప్పు చేసినవాడిలా.

మ సెయిన్ కిటికీ తలుపు మూసి, దొర పడవకు చిల్లు తొలిచిన చేతులతోనే ఊరి పెద్దకు అన్నం వడ్డించింది.