తలుపుకు రాసిన షరతులు

ఆ కాలానికి ప్రతి ఇంటి తలుపూ ఇంట్లోవాళ్లు రాసిన షరతుల ప్రకారమే తెరుచుకునేది. మార్చాలంటే మొగుడూ పెళ్లాం ఇద్దరూ ఒప్పుకోవాలి. పైడిరాజు షరతులన్నీ ఒకే వాక్యంలో చుట్టచుట్టి రాశాడు. జల్లు కొడితే తీయకూడదన్నదీ అందులోనే ఇరుక్కుంది. బయట మనవరాలు వెన్నెల తడిసి ముద్దవుతోంది.

“ఒక్కో షరతూ ఒక్కో వరసలో రాయమని మొత్తుకున్నాను కదయ్యా! ఇప్పుడు ఎక్కడని కొట్టేత్తావు?” అని కేకలేసింది భార్య నరసమ్మ.

“అలా రాత్తే చాంతాడంత అవుతాదే!”

“తాతా, సలేత్తంది! అమ్మమ్మ మాటే ఒప్పేసుకో!” అని బయటినుంచి అరిచింది వెన్నెల.

పైడిరాజు మెత్తబడ్డాడు. “సర్లేవే, నీ పద్ధతే మంచిది. తలుపూ, విడగొట్టి రాసుకో.”

“అమ్మగారు కేకలేశాక మీరు ఒప్పుకుంటే అది చెల్లదని మీరే రాశారండి,” అంది తలుపు మర్యాదగా.

నరసమ్మ మెల్లగా మొగుడి వైపు తిరిగింది. “అదెప్పుడు రాశావయ్యా?”

పైడిరాజు తలుపు వైపు చూశాడు. పారిపోవడానికీ అదొక్కటే దారి.