రాతికి కట్టిన మొక్క

ఉబీ, నా చిట్టితండ్రీ,

మా ఎఫియోం సగంలో వదిలిన చేపలతొట్టిలో నేనే ఇసుక పోసి, ఆ ఏటిమొక్కను చామదుంపలా లోతుగా పాతాను. ఆకులు పసుపురంగుకు తిరిగాయి.

మీ బాబాయి కేకలేశాడు. "ఏమే, చామదుంపల ఎక్‌పాంగ్ వండుదామనుకున్నావా? పాతితే కుళ్ళి చస్తుంది, రాతికి కట్టాలని నీ కొడుకు నెత్తీనోరూ కొట్టుకునేవాడు కదే!"

వెంటనే తవ్వాను. సగం మెత్తబడిపోయింది. కుళ్ళు కోసేసి, మిగిలిన ముక్కను దారంతో రాతికి కట్టాను. రోజూ భయంభయంగానే తొట్టిలోకి చూశాను.

ఈ పొద్దున చిగురేసింది.

నువ్వు ఎఫియోంను క్వా ఏట్లోంచి ఒడ్డుకు లాగినప్పుడు వాడి గుప్పిట్లో ఉన్న మొక్కే ఇది. వాణ్ణి ఎలాగూ పాతిపెట్టుకున్నాను. దీన్ని బతికించుకున్నాను.

ఆ రోజు ఏట్లో వాడి చెయ్యి నీ పట్టులోంచి జారడం నీ తప్పు కాదురా. మొహం చాటెయ్యకుండా వచ్చి చూడు. అందాకా ఆ లాగోస్‌లో వేళకు కడుపునిండా తిను.