సౌండు రాని పెళ్ళి

"ల్యాప్‌టాప్‌లోనే చూస్తే నీ సొమ్మేం పోతాదమ్మా?" అంటూ దర్శన్ టీవీకి కలిపే హెచ్‌డీఎంఐ కేబుల్ విసిరికొట్టాడు. ఆ పాత ల్యాప్‌టాప్‌కు దాన్ని గుచ్చే చోటే లేదు.

కొడుకు పెళ్ళి వీడియోను టీవీలో పెద్దగా చూడాలని పిల్లమ్మ పట్టిన పట్టు వదలడం లేదు.

దర్శన్ తిట్టుకుంటూనే తాముండే బ్రూక్‌ఫీల్డ్ ఏరియాలో షాపులన్నీ తిరిగి, పాతకాలపు వీజీఏ కేబుల్ తెచ్చి టీవీ వెనక బిగించాడు. తెరంతా పెళ్ళిమండపం వెలిగింది. సన్నాయి మాత్రం ల్యాప్‌టాప్‌లోనే కీచుమంటోంది.

"ఈ కేబుల్లో బొమ్మే వస్తాది, సౌండ్ రాదు! ఆదివారమంతా దీనికే వేస్ట్ అయిపాయ. అయినా పెళ్ళిలో నువ్వూ ఉండావు గదా, మళ్ళీ ఏం చూస్తావు?" అని అరిచాడు.

పిల్లమ్మ టీవీ మీది నుంచి చూపు తిప్పలేదు.

"యాడ చూసినానప్పా? మొగుడు లేనిది ఎదురుగా ఉండకూడదని, తాళి కట్టేటప్పుడు నన్ను స్టోర్ రూములో కూర్చోబెట్టింది నువ్వే గదా! సౌండు నాకెందుకు? తలుపేసినా ఆ పొద్దు మేళం బాగానే ఇనపడింది. బొమ్మ రానీ, చాలు."