డిక్కీలో ఎలుక

“మళ్ళీ మాయం!”

కారు డిక్కీలోకి నడుము దాకా దూరిన పెద్దాయన అక్కణ్ణించే అరిచాడు. ఆ అరుపుకి వంటింట్లో గరిటె కిందపడింది.

అరవడా మరి? వెనక షాకబ్జార్బరు నెత్తి మీద నట్టు విప్పి, కొత్త రబ్బరు బిళ్ళ వేసి, నడుం పట్టేసినా లెక్కచెయ్యకుండా బిగించింది నిన్న సాయంత్రమే. ఇవాళ చూస్తే నట్టు నట్టులాగే ఉంది, కింద బిళ్ళ లేదు. ఇలా జరగడం ఇది మొదటిసారి కూడా కాదు.

కారు మామూలు కారు కాదు. ఒకప్పుడు గొప్పగొప్పవాళ్ళు కాలు మీద కాలేసుకుని తిరిగిన కారు. వయసు మళ్ళినా ఇంజను పిల్లి నడిచినట్టు నడుస్తుంది. ఎటొచ్చీ ఆ బిళ్ళ లేకపోతే మాత్రం వెనక చక్రం గతుకులో పడ్డప్పుడల్లా ఇనుమూ ఇనుమూ కొట్టుకుని ‘ఠంగ్’మంటుంది. వీధి మొగలో స్పీడు బ్రేకరు ఎక్కిందంటే పడుకున్న కుక్కలు లేచి పక్క వీధికి మకాం మారుస్తాయి.

ఆ బ్రేకరు పక్కనే షెడ్డున్న మెకానిక్కు పందెం కూడా కాశాడు. “మీ చేత్తో మీరే దీని నోరు మూయిస్తే నా మీసం తీసేస్తా సార్! మూయించలేకపోతే, నా షెడ్డు ముందు నిలబడి ‘నావల్ల కాలేదు’ అనాలి.” ఆ మీసానికి రోజూ గ్రీజు పట్టిస్తాడనీ, మిగిలితేనే బేరింగులకు పెడతాడనీ చెప్పుకుంటారు. ఇక పెద్దాయన సంగతా, ‘నావల్ల కాలేదు’ అనే మాట ఆయన నోటికి అలవాటే లేదు.

“ఎలుక ఎత్తుకుపోయి ఉంటుందండీ,” అంది భార్య, గరిటె చేత్తో పట్టుకునే వచ్చి.

“నట్టు విప్పి, బిళ్ళ తీసుకుని, మళ్ళీ నట్టు బిగించి వెళ్ళే ఎలుకా?”

“చదువుకున్న ఎలుకేమో మావయ్యగారూ,” అనేసి కోడలు గబగబా లోపలికి వెళ్ళిపోయింది.

పెద్దాయన ఇంకో కొత్త బిళ్ళ బిగించి, దాని పక్కనే ఎలుకల బోను పెట్టాడు. పొద్దున్నే చూస్తే బోను మూతపడి ఉంది. లోపల ఎలుకా లేదు, పక్కన బిళ్ళా లేదు. ఫలహారానికి వచ్చిన కొడుకు బొటనవేలికి మాత్రం ఇంత లావు కట్టు ఉంది.

“ఏమైందిరా?”

“తలుపు సందులో పడింది నాన్నా.”

“ఏ తలుపు?”

“ఏదో తలుపు.”

పెద్దాయనకి మూతపడ్డ బోను గుర్తొచ్చింది. దొంగెవరో తెలిసిపోయింది. ఎందుకో తెలియలేదు. అదే ఆయన చెవిలో జోరీగలా తిరగడం మొదలుపెట్టింది. ఇంతోటి రబ్బరు ముక్కతో వీడికేం పని? అన్నంలో నంజుకుంటాడా?

ఆ సాయంత్రం ఇంట్లో ఎవరితోనూ చెప్పకుండా షెడ్డుకి వెళ్ళాడు. మెకానిక్కు చూస్తుండగా తన చేత్తోనే కొత్త బిళ్ళ బిగించి, అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని బ్రేకరెక్కించాడు. కారు నీళ్ళ మీద పడవలా లేచి దిగింది. చప్పుడన్నది లేదు.

మెకానిక్కు మొహం వాడిపోయింది. “మాటంటే మాటే సార్. రేపు పొద్దున్నే తీయించేస్తా. ఈ ఒక్క పూటా ఉండనివ్వండి, మా ఆవిడకి చివరిసారి చూపించుకుంటా.”

పెద్దాయన యుద్ధం గెలిచిన రాజులా ఇల్లు చేరాడు. గేటు ముందు హారను కొట్టబోయి ఆగిపోయాడు. లోపల నవ్వులు. తన ఇంట్లో నవ్వులు! పొరపాటున పక్కింటికి వచ్చానేమోనని గోడ మీద నెంబరు చూసుకున్నాడు. నెంబరు తనదే. దిగి, మునివేళ్ళ మీద కిటికీ దగ్గరికి వెళ్ళి తొంగిచూశాడు.

ఆయన తప్ప ఎవరూ కూర్చోని పడక్కుర్చీలో ఆయన భార్య కూర్చుని ఉంది. ముక్కు చివర ఆయన పాత కళ్ళజోడు. కుర్చీ చేతి మీద దబదబా కొడుతూ, గొంతు బొంగురు చేసి అంటోంది: “ఎక్కడ తీసింది అక్కడ పెట్టమన్నానా లేదా? ఆ నవ్వు దేనికి? ఇప్పుడేమంత నవ్వొచ్చిందని?”

కొడుకు కట్టున్న వేలు పైకెత్తి పట్టుకుని నేల మీద దొర్లుతున్నాడు. కోడలు వీధి తలుపుకి చెవి ఆనించి కాపలా కాస్తోంది.

“ఠంగ్ ఇంకా వినపళ్ళేదు అత్తయ్యా! వచ్చేలోపల ఇంకోసారి. ఆ తుమ్ము కూడా తుమ్మండి!”

భార్య తుమ్మింది. అచ్చం ఆయన తుమ్మే. తుమ్మి, కళ్ళజోడు జారిపోయేలా, పొట్ట పట్టుకుని నవ్వింది. ఆవిడకి అంత నవ్వు వచ్చని ఇన్నేళ్ళ కాపురంలో ఆయనకి తెలియనే తెలియదు.

పెద్దాయన పళ్ళు బిగించాడు. చప్పుడు కాకుండా కారెక్కి, అలాగే వెనక్కి పోనిచ్చి, బ్రేకరు దాటి షెడ్డు ముందు ఆగాడు. డిక్కీ తెరిచి పెద్ద స్పానరు అందుకున్నాడు.

“అయ్యో, ఎవర్ని కొడతారు సార్?” అంటూ మెకానిక్కు పరిగెత్తుకొచ్చాడు.

“నావల్ల కాలేదోయ్,” అన్నాడు పెద్దాయన. నట్టు విప్పి, రబ్బరు బిళ్ళ ఊడబీకి, జేబులో వేసుకున్నాడు. “నీ మీసం నువ్వే ఉంచుకో.”

మెకానిక్కు తెరిచిన నోరు మూయకముందే కారు బ్రేకరెక్కింది. ఠంగ్!

పెద్దాయన ఇంటివైపు చూసి, ఒక్క క్షణం ఆలోచించి, కారు వెనక్కి తీసి మళ్ళీ ఎక్కించాడు. అంత నవ్వులో కోడలికి మొదటిది వినపడిందో లేదో!