దగ్గే కారు

కార్లన్నీ వాటంతటవే చప్పుడు లేకుండా తిరుగుతున్న రోజులవి. ఒంగోలులో పాత పెట్రోలు కార్లు బాగుచేసేది మస్తానమ్మ ఒక్కతే. కొడుకు పెళ్లి ఊరేగింపుకని కోదండపాణి తెచ్చిన కారు దగ్గుతూ, పొగ కక్కుతూ మాటిమాటికీ ఆగిపోతోంది. ఆమె కార్బురేటరు విప్పి మడ్డి కడిగేసరికి ఇంజను హాయిగా తిరిగింది.

కోదండపాణి మొహం మాడిపోయింది. "ఆగకుండా చూడమన్నా గానీ దగ్గు మాన్పించమన్నానా అమ్మా? ఇట్టా అందరి కార్ల మాదిరి నడిస్తే మా వియ్యంకుడు కన్నెత్తి చూస్తాడా?"

ఒళ్లు మండి, మస్తానమ్మ ఆ మడ్డినే మళ్లీ పోసి బిగించింది.

ఊరేగింపులో కారు నడివీధిలో ఆగిపోయింది. వెనకే నడుస్తున్న మస్తానమ్మ తిట్లు తప్పవని భయపడింది. బంధువులు మాత్రం తమ కార్లు దిగొచ్చి, నేను తోస్తానంటే నేను తోస్తానని కొట్టుకున్నారు.

మర్నాడు షెడ్డు ముందు ముగ్గురు పెద్దమనుషులు నిలబడ్డారు.

"మా బండ్లు బాగానే నడస్తన్నయ్ మస్తానమ్మా. నువ్వే ఏదోటి చెయ్యాల."