నాలుగింటి వెన్న

"మళ్ళీ కరిగింది," అంటూ నోరీన్ ట్రైలర్‌లోంచి దిగి, పళ్ళెం తెచ్చి భర్త ముక్కు కింద పెట్టింది. వెన్న నూనెలా అటూ ఇటూ కదులుతోంది.

క్లారీ తలుపు వైపు అడుగేశాడు. "లోపల చల్లగానే ఉండాలే. నన్ను చూడనీ."

"నీకు కొలిమి కూడా చల్లగానే ఉంటుంది. వెన్న అబద్ధమాడదు."

షరతు ఆమెదే. ప్రతి ఆదివారం మధ్యాహ్నం పన్నెండింటికి వెన్నముక్క లోపల పెట్టి తాళం వేస్తుంది. తాళంచెవి ఆమె దగ్గరే. నాలుగింటికి వెన్న గట్టిగా ఉంటేనే ఆ ట్రైలర్‌లో సముద్రం దాకా వస్తుంది. ఇక్కడ ఎండలు మండే జనవరి దాటినా కరుగుతూనే ఉంటే, అది పక్కింటి డగ్ కోళ్ళకి గూడు.

క్లారీ నలభై ఏళ్ళు గొర్రెల ఉన్ని కత్తిరించాడు. నడుము పట్టేసి పని మానేశాక ఏడాదిపాటు వరండాలో కుర్చీకి అతుక్కుపోయాడు. టీ తాగుతావా అంటే ఊఁ, తాగవా అంటే ఊఁ. పాత ఇరుసు మీద ఈ ట్రైలర్ కట్టడం మొదలుపెట్టాకే లేచాడు.

కంచె అవతల డగ్ నవ్వాడు. "ఏరా, ఎండాకాలం గొర్రెలకి ఉన్ని తీసేవాడివి, రేకుడబ్బాకి తొడుగుతున్నావా?"

"ఉన్ని అటు వేడి ఇటు రానివ్వదురా."

"ఆ సంగతి వెన్నకి చెప్పు."

మర్నాడు క్లారీ లోపలి చెక్కలు ఊడదీశాడు. గోడల్లో కూరిన ఉన్ని కిందికి జారిందని సన్నటి బద్దలతో గళ్ళు కట్టి మళ్ళీ కూరాడు. కప్పుకి తెల్లరంగు వేశాడు. పొద్దస్తమానం ఈల.

"ఆ ఈలకి పాలు విరుగుతాయి," అంది నోరీన్ వంటింటి కిటికీలోంచి.

మూడో ఆదివారం నలభై మూడు డిగ్రీలు. నాలుగింటికి ఆమె తెచ్చిన వెన్నలో చెంచా మునిగింది.

క్లారీ తలెత్తి ట్రైలర్ కప్పు వైపు చూశాడు. "కప్పు మీద ఇంకో కప్పెయ్యాలి. మధ్యలో జానెడు సందు వదిలితే గాలాడుతుంది," అన్నాడు. టీ సగంలో వదిలేసి, నడుము సంగతి మర్చిపోయి నిచ్చెనెక్కాడు.

నాలుగో ఆదివారం పన్నెండు కావస్తుండగా డగ్ కంచె దాటి వచ్చాడు. ట్రైలర్ చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"నాకూ ఒకటి కట్టిపెట్టరాదూ."

"నీ కోళ్ళకా?"

"నాకే. మా బావమరిదీ అడుగుతున్నాడు."

క్లారీ గడ్డం గోక్కున్నాడు. "రెండంటే చలికాలం వచ్చేస్తుంది."

"రానీ."

పళ్ళెంలో వెన్న పెడుతున్న నోరీన్ తలెత్తింది. "ఎప్పుడు మొదలుపెడతావు?"

"సముద్రం నుంచి రాగానే. నీ వెన్న వెళ్ళనిస్తే."

ఆమె పళ్ళెం లోపల పెట్టి తాళం వేసింది.

నాలుగింటికి కత్తి గుచ్చితే కాస్త దిగి నిలబడింది. క్లారీ పళ్ళెం నెత్తిన పెట్టుకుని పెరడంతా తిరిగాడు. డగ్ రేకు డబ్బా వాయించాడు. నోరీన్ పెట్టెలోంచి ఈత దుస్తులు తీసి దులిపింది.

"ఆ పైకప్పే కిటుకు. మొదట్లోనే తట్టాల్సింది," అన్నాడు క్లారీ.

"అన్నీ మొదట్లోనే తడతాయా?" అంది నోరీన్.

మొదటి మూడుసార్లూ వెన్న కరిగింది ట్రైలర్‌లో కాదు, నాలుగింటికి ముందే ఆమె వంటింటి పొయ్యి మీద.